యానిమేషన్‌కి ముందు కంప్యూటర్ కొనాలా? అపోహలు - వాస్తవాలు

పోయిన డిసెంబరులో చీపురుపల్లి వైపు నుంచి ఒక రైతు తన కొడుకుని వెంటబెట్టుకుని విజయనగరంలో మా గదికి వచ్చారు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టారు. షాపువాళ్లు రాసిచ్చిన కంప్యూటర్ కొటేషన్ అది. గ్రాఫిక్స్ కార్డుతో కలిపి లక్షా నలభై వేలు. "మాస్టారూ, గుంటడు ఏనిమేషన్ నేర్సుకుంతానంతన్నాడు. ఇది సాల్తాదా, ఇంకా పెద్దది కావాలా సెప్పండి. ఆల్లమ్మ పుస్తెలతాడు బేంకులో పెడతాం" అన్నారు.

ఈ మాట నాకు కొత్త కాదు. పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, నాలుగేళ్లుగా ఇక్కడ పిల్లలకి నేర్పుతున్నాను. నెలకి ఇద్దరు ముగ్గురు ఇదే ప్రశ్నతో వస్తారు. కొందరైతే అప్పటికే కొనేసి వస్తారు. వాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే మిగతా అపోహల సంగతి తర్వాత, ముందు దీని గురించి.

అపోహ: పెద్ద కంప్యూటర్, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కోర్సు లేకపోతే యానిమేషన్ రాదు

ప్రపంచమంతా మెచ్చుకున్న యానిమేషన్ షార్ట్ ఫిల్ములు వేటితో తీశారో ఒకసారి చూడండి. రష్యాకి చెందిన అలెగ్జాండర్ పెట్రోవ్ గాజు పలక మీద ఆయిల్ రంగులు వేసి, వాటిని వేళ్లతో కదుపుతూ ఫ్రేము (సినిమాలో ఒక్కో ఫోటో) తర్వాత ఫ్రేము తీశాడు. 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ' కోసం అలా 29 వేలకి పైగా బొమ్మలు వేశాడు. 2000లో ఆస్కార్ వచ్చింది. దక్షిణాఫ్రికాలో విలియం కెంట్రిడ్జ్ వాడేది బొగ్గు. కాగితం మీద గీస్తాడు, ఫోటో తీస్తాడు, కొంచెం చెరిపి అదే కాగితం మీద మళ్లీ గీస్తాడు. చెరిపిన మరకలు సినిమాలో కనబడుతూనే ఉంటాయి, ఆ సినిమాల అందమంతా అక్కడే ఉంది. గుజరాత్‌లో పుట్టిన ఇషు పటేల్ కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో పనిచేస్తూ 1977లో 'బీడ్ గేమ్' తీశాడు. అందులో పాత్రలన్నీ పూసలే. మన గంటస్తంభం దగ్గర ఫ్యాన్సీ షాపులో దొరుకుతాయే, అలాంటి పూసలు. అది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. రష్యాకే చెందిన యూరీ నోర్‌స్టీన్ 1975లో తీసిన 'హెడ్జ్‌హాగ్ ఇన్ ద ఫాగ్'లో పొగమంచు చూసి ఇప్పటికీ మా పిల్లలు నోరెళ్లబెడతారు. పల్చటి కాగితాన్ని బొమ్మ మీద పెట్టి, కొద్దికొద్దిగా కెమెరా వైపు లేపితే వచ్చిన మంచు అది.

ఇవన్నీ పాతకాలం సంగతులు, ఇప్పుడు కుదరవు అంటారు కొందరు. ఈ మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది. వస్తువులు మారాయి, కదలికకి ప్రాణం పోసే పద్ధతి మారలేదు. కంప్యూటర్‌లో చేసినా అదే పద్ధతి. అది చేతికి రాకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏమవుతుందో నా అనుభవమే చెబుతాను.

ఇంటర్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. నాన్న పొలం మీద అప్పు తెచ్చి ఫీజు కట్టారు. ఏడాదంతా ఏ మెనూలో ఏ బటన్ ఉందో చెప్పారు. కోర్సు అయ్యాక ఇంటర్వ్యూకి వెళితే, ఒక బంతి నేలకి కొట్టుకుని ఎగిరేలా చేసి చూపించమన్నారు. నా బంతి దూదిపింజలా తేలుతూ దిగింది. వాళ్లు ఏమీ అనలేదు, మర్యాదగానే పంపించేశారు. ఆ రాత్రి బస్సులో నాన్నకి ఏం చెప్పాలో తెలియక ఎంత ఏడ్చానో నాకే తెలుసు. తర్వాత ఏడు నెలలు రూళ్ల నోట్‌బుక్కుల మూలల్లో పెన్సిల్‌తో బంతులు గీసి, పేజీలు గబగబా తిప్పి చూసుకుంటూ నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చింది ఆ నోట్‌బుక్కుల వల్లే.

అందుకే ఆ రైతు కొడుకుని కూర్చోబెట్టి ఒక పలక, నాలుగు చింతపిక్కలు ఇచ్చాను. వాళ్ల నాన్న ఫోన్‌ని స్టూలుకి కట్టి, కెమెరా కిందికి చూసేలా పెట్టాం. ఒక పిక్కని పలక ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించమన్నాను. సెకనుకి 12 ఫోటోల లెక్కన రెండు సెకన్లకి 24. వాడు స్కేలు పెట్టి మరీ, ప్రతిసారీ ఒక సెంటీమీటరు జరిపాడు. ప్లే చేస్తే పిక్క కదిలింది గానీ, దారం కట్టి ఎవరో లాగుతున్నట్టుంది. "ఇప్పుడు స్కేలు పక్కన పెట్టు. బయల్దేరేటప్పుడు కొంచెం కొంచెంగా జరుపు, మధ్యలో పెద్ద పెద్ద అంగలు, ఆగే ముందు మళ్లీ చిన్నవి" అన్నాను. రెండోసారి పిక్క దానంతటదే లేచి, పరుగెత్తి, నిలదొక్కుకుని ఆగింది. వాడు ఫోన్ వాళ్ల నాన్న చేతిలో పెట్టాడు. ఆయన నాలుగైదుసార్లు చూసి, "పిక్కకి పేణమొచ్చినాది" అన్నారు.

మేం స్పేసింగ్ అనేది దాన్నే. కెనడా యానిమేటర్ నార్మన్ మెక్‌లారెన్ కూడా ఒక్కో ఫ్రేములో ఏముందన్నదానికంటే రెండు ఫ్రేముల మధ్య ఏం జరిగిందన్నదే ముఖ్యమని చెప్పేవాడు.

మరి కంప్యూటర్ అసలే వద్దా? కావాలి, ఇప్పుడే కాదు. పది సెకన్ల సినిమాలు నాలుగైదు పూర్తిచేసి, ఇంకా చేయాలన్న ఆకలి పోకపోతే అప్పుడు కొనండి. అప్పుడైనా సాఫ్ట్‌వేర్‌కి డబ్బు అక్కర్లేదు. బ్లెండర్, క్రిటా, ఓపెన్‌టూంజ్ ఉచితం. 2025లో ఆస్కార్ గెలిచిన లాట్వియా సినిమా 'ఫ్లో' (ఇది షార్ట్ కాదు, పూర్తి నిడివి సినిమా) బ్లెండర్‌తోనే చేశారు. అప్పటిదాకా ఫోన్, స్టాప్ మోషన్ యాప్ (ఫోటోలని వరసగా కలిపి సినిమాలా ఆడించేది) చాలు. ఒక్క జాగ్రత్త: కిటికీ వెలుగులో తీయకండి. మబ్బు పడినప్పుడల్లా సినిమా మినుకుమినుకుమంటుంది. తలుపులేసి ఒకే లైటు కింద, ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుగు ఎంతన్నది) మారకుండా లాక్ చేసి తీయండి.

మిగతావి, త్వరగా

యానిమేషన్ చిన్నపిల్లలకే అంటారు. 2025లో ఆస్కార్ గెలిచిన ఇరాన్ షార్ట్ 'ఇన్ ద షాడో ఆఫ్ ద సైప్రస్' చూడండి. యుద్ధం మిగిల్చిన గాయంతో నలిగిపోయే తండ్రి, ఆయనతో బతకలేక, వదల్లేక ఉన్న కూతురు. డైలాగు ఒక్కటీ లేదు. ఆ సినిమా వేసిన రోజు మా గదిలో పిల్లల్ని దింపడానికి వచ్చిన అమ్మలు కళ్లు తుడుచుకున్నారు.

బొమ్మలు గీయడం రాకపోతే లాభం లేదా? మట్టి ఉంది, కత్తెర ఉంది. జర్మనీలో లొట్టే రైనిగర్ నల్ల కాగితం కత్తిరించి, కీళ్లు అమర్చి, వెనక నుంచి వెలుగు వేసి సినిమాలు తీసింది. మన తోలుబొమ్మలాటకి దగ్గర చుట్టం అది.

ఏఐ వచ్చాక నేర్చుకోవడం దండగ అనేవాళ్లకి నా జవాబు ఒకటే. కదలిక తప్పుగా ఉందని పట్టుకునే కన్ను మీకు ఉండాలి, ఎవరు చేసినా, ఏది చేసినా.

"మీ సినిమా సెలెక్ట్ అయింది, ఇంత కడితే ఆస్కార్‌కి పంపిస్తాం" అని మెసేజ్‌లు వస్తాయి. టెన్షన్ పడి డబ్బు కట్టకండి. షార్ట్ ఫిల్ము ఆస్కార్ పోటీకి అర్హత పొందాలంటే ఆస్కార్ ఇచ్చే అకాడమీ జాబితాలో ఉన్న ఫెస్టివల్‌లో అర్హత అవార్డు గెలవాలి, లేదా వాళ్లు చెప్పిన అమెరికా నగరాల్లో ఏదో ఒకచోట ఏడు రోజులు థియేటర్‌లో ఆడాలి, లేదా విద్యార్థుల సినిమాలకి అకాడమీ ఇచ్చే స్టూడెంట్ అకాడమీ మెడల్ రావాలి. నిడివి 40 నిమిషాలు దాటకూడదు. మధ్యవర్తికి డబ్బు కడితే ఇందులో ఏదీ రాదు.

ఆ రైతు కొటేషన్ కాగితం వెనక్కి మడిచి జేబులో పెట్టుకున్నారు. వాళ్లబ్బాయి ఇప్పుడు పిక్కలతోనే 40 సెకన్ల సినిమా తీస్తున్నాడు. మొత్తం 480 ఫోటోలు కావాలి. మొన్న ఆదివారానికి 212 అయ్యాయి.