అపోహలు - వాస్తవాలు: జపాన్ పాత కత్తి మీద పేరుంటే అసలుదేనా?

టోక్యోలో పాత కత్తులు అమ్మే కొట్టులో పనిచేస్తున్నాను. విదేశీ కొనుగోలుదార్లతో మాట్లాడటం, షిన్సాకు (నిపుణులు చేసే పరీక్షకు) కత్తులు పంపడం, ఎగుమతి కాగితాలు చూసుకోవడం నా పని. నేను తెలుగువాణ్ణని తెలిసిన దగ్గర్నుంచి డల్లాస్, సిడ్నీ, హైదరాబాద్‌ల నుంచి మనవాళ్ళ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. చాలావాటిలో ఫొటో ఒకటే, నకాగోను (పిడి లోపల దాగే కత్తి మొదలును) దగ్గర్నుంచి తీసింది. మెయి, అంటే దాని మీద చెక్కిన కమ్మరి సంతకం, తప్ప ఇంకేమీ కనపడదు. "అన్నా, పేరు చదివి చెప్పు, ఒరిజినలేనా?" అని అడుగుతారు. పేరు చదవడం నిమిషం పని. ఆ పేరు ఆ కత్తిదా కాదా అన్నది మాత్రం ఆ ఫొటోలో ఉండదు. ఇది తెలియక మనవాళ్ళు పోగొట్టుకుంటున్న డబ్బు చూస్తే బాధేస్తుంది.

అపోహ: నకాగో మీద గొప్ప కమ్మరి పేరు చెక్కి ఉంది కాబట్టి కత్తి ఆయన చేసిందే.

కాదు. పేరు ఎంత పెద్దదైతే అనుమానం అంత పెద్దగా ఉండాలి.

గిమెయి, అంటే నకిలీ సంతకం, ఈమధ్య ఆన్‌లైన్ మోసగాళ్ళు కనిపెట్టిన విద్య అనుకుంటారు. అది కొన్ని వందల ఏళ్ళ నాటిది. 17వ శతాబ్దం నుంచి 19వ దాకా నడిచిన ఎదో కాలంలో పెద్ద యుద్ధాలు లేవు, కత్తి కానుకగా మారింది. దైమ్యోలు (ప్రాంతీయ ప్రభువులు) ఒకరికొకరు, దేశాన్నేలే సేనాధిపతి షోగున్‌కు కత్తులు ఇచ్చిపుచ్చుకునేవారు. హోన్అమి వంశంవాళ్ళు పరీక్షించి రాసిచ్చే ఒరిగామి పత్రంలో కత్తి విలువ కూడా ఉండేది. అలా పేరుకు ధర వచ్చింది. గొప్ప కమ్మరి చేసిన కత్తులు కొన్నే, కావాలనేవాళ్ళు మాత్రం వేలమంది. మిగతాది ఊహించడం కష్టం కాదు. మామూలు కమ్మరి చేసిన మంచి కత్తి మీద గొప్పవాడి పేరు ఎక్కింది. అందుకే మీ చేతిలో ఉన్న గిమెయి నిజంగా మూడు వందల ఏళ్ళ నాటి కత్తే కావచ్చు. కత్తి నకిలీ కాదు, పేరు నకిలీ. ఈ తేడా అర్థమైతే సగం మోసాలు ఆగిపోతాయి.

నాగసోనె కోతెత్సు సంగతే చూడండి. 17వ శతాబ్దం మనిషి. ముందు కవచాలు చేసేవాడు. యాభయ్యో ఏటికి దగ్గరపడ్డాక ఎదో (ఇప్పటి టోక్యో) చేరి కత్తుల పనిలోకి దిగాడు. జపాన్ డీలర్ల మధ్య "కోతెత్సు కనిపిస్తే ముందు నకిలీ అనుకో" అనే మాటే ఉంది. ఆయన సంతకం చెక్కిన తీరు కాలంతోపాటు మారింది. పేరులో 'కో'గా పలికే 'తోరా' (పులి) అక్షరాన్ని మొదట్లో చివర పైకి ఎగదన్నినట్టు, తర్వాత పెట్టె ఆకారంలో చెక్కాడు. వీటినే హనెతోరా, హాకోతోరా అంటాం. కత్తి పనితనమూ మారింది. మొదటి రోజుల హామోన్ (అంచు వెంట కనిపించే గట్టిపరచిన ఉక్కు గీత) సొరకాయ బుర్రల వరసలా ఉంటుంది, తర్వాతి రోజులది జపమాల పూసల్లా. అంటే హాకోతోరా సంతకం ఉన్న కత్తి మీద హామోన్ కూడా ఆ కాలానికి తగ్గట్టే ఉండాలి. అక్షరం ఎంత అచ్చుగుద్దినట్టు చెక్కినా ఉక్కు అబద్ధం ఆడదు.

అచ్చుగుద్దినట్టు చెక్కగలిగినవాళ్ళూ ఉన్నారు. 19వ శతాబ్దంలో హోసోదా హెయిజిరో నావోమిత్సు అనే కమ్మరి ఉండేవాడు. కాజిహెయి అంటేనే అందరికీ తెలుస్తుంది. స్వయంగా మంచి కమ్మరి, మంచి గురువు దగ్గర నేర్చుకున్నవాడు. గొప్ప పేర్లు చెక్కడంలో ఆరితేరాడు. తను చెక్కిన నకిలీ మెయిల ఒషిగాతాలు (కాగితం మీద తీసిన అచ్చులు) ఆయనే వదిలి వెళ్ళాడు, పరీక్షకులకు అవి ఇప్పటికీ పనికొస్తున్నాయి. ఫోన్లో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి "అన్నా, అక్షరాలు సరిపోయాయి" అనేవాళ్ళకు నేను ముందు చెప్పేది కాజిహెయి గురించే.

జపాన్ కమ్మర్లలో ఎంతో పేరున్న మసమునె విషయంలో వచ్చే తప్పు ఇంకోటి. మసమునె మెయి ఉన్నవాటిలో ఒప్పుకున్నవి కొద్దిపాటి తాంతోలే (పొట్టి బాకులే). పొడవాటి కటానా మీద ఆ పేరు దర్జాగా చెక్కి ఉంటే సంబరపడకండి. గో యోషిహిరో అనే కమ్మరిది ఇంకా విచిత్రం, ఆయన సంతకం ఉన్న అసలు కత్తి ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. "గోనూ దెయ్యాన్నీ చూసినవాడు లేడు" అని జపాన్‌లో సామెత. అయినా ఆయనవిగా గుర్తించినవాటిలో జాతీయ సంపదగా ప్రకటించిన కత్తులున్నాయి. మెయి లేకుండా ఎలా గుర్తించారు? కత్తిని చూసి.

మెయి లేకపోతే విలువ లేదనే భయమూ ఇక్కడే పోవాలి. పాత తాచిలు, అంటే అంచు కిందికి ఉండేలా నడుముకు వేలాడదీసే కత్తులు, చాలా పొడవు. పోరాడే పద్ధతి మారి, కత్తి పెట్టుకునే తీరు మారాక వాటిని నకాగో వైపు నుంచి కోసి కురచ చేశారు. అదే సురియాగె. ఎక్కువ కోస్తే సంతకం మొత్తం పోతుంది. కామాకురా కాలపు (12-14 శతాబ్దాల) గొప్ప కత్తుల్లో మూమెయివి (సంతకం లేనివి) ఎన్నో అందుకే ఉన్నాయి. "పేరు లేదు కదా" అని మంచి మూమెయి వదిలేసి, అదే డబ్బుకు గిమెయి కొన్నవాళ్ళను చూశాను. ఏడుపొచ్చేంత కోపం వస్తుంది.

ఇక్కడ కాంతెయికాయిలు (కత్తి ఎవరిదో గుర్తుపట్టే సమావేశాలు) జరుగుతాయి. కత్తులు వరసగా పెడతారు, నకాగో మాత్రం కప్పేస్తారు. సుగాతా (ఆకారం), జిగానె (ఉక్కు మేని తీరు), హామోన్, బోషి (మొన దగ్గరి హామోన్) చూసి ఎవరు చేశారో కాగితం మీద రాసివ్వాలి. సరిగ్గా చెబితే 'అతారి'. అదే సంప్రదాయంలో బాగా దగ్గరివాడి పేరు రాస్తే 'దోజెన్'. తప్పయితే 'ఇయా', మళ్ళీ చూడాలి. ఈ విద్య నేర్పేవాళ్ళు సంతకాన్ని కప్పేసి నేర్పుతున్నారంటే ఆలోచించండి. మా అమ్మమ్మ పట్టుచీర కొనేటప్పుడు కొట్టు ముద్ర వైపు చూసేది కాదు, చీర తిరగేసి జరీ చూసేది. ఇదీ అంతే. ముందు కత్తి ఏ కాలానిది, ఏ ప్రాంతానిది, ఎవరి పనిలా ఉంది అని తేల్చుకోవాలి. ఆ తర్వాతే మెయి దగ్గరికి వెళ్ళాలి, అది కత్తి చెప్పినదానితో కలుస్తుందా అని.

మెయి దగ్గరికి వెళ్ళాక కూడా అక్షరాల ఆకారం ఒక్కటే చూడం. ఉలి గీతల అడుగున తుప్పు, చుట్టూ ఉన్న తుప్పు ఒకే వయసువా? ఆకురాయి గీతలు ఆ కమ్మరి పద్ధతిలోనే ఉన్నాయా? మెకుగి (పిడిని బిగించే మేకు) రంధ్రానికీ సంతకానికీ మధ్య దూరం కుదిరిందా? తాచికి, కటానాకు సంతకం వేసే వైపు వేరు, ఇది సరైన వైపే ఉందా? నకాగో చేతిలో లేకుండా వీటిలో కొన్నిటికి జవాబు చెప్పలేం.

మొన్నామధ్య డల్లాస్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఆన్‌లైన్‌లో కోతెత్సు కటానా కొన్నాడు, దాదాపు కారు ఖరీదు పెట్టి. "జపాన్ ప్రభుత్వ సర్టిఫికెట్ కూడా ఉంది అన్నా" అన్నాడు. సాయా (ఒర) తీసి మొత్తం కత్తి నిటారుగా కనపడేలా ఫొటో పంపమన్నాను. చూడగానే గుండె జారింది. మొన చాలా పొడుగ్గా సాగి ఉంది, మొదట్లో ఎంత వెడల్పో చివరా దాదాపు అంతే. అది బకుమాత్సు (షోగున్ల పాలన చివరి, 19వ శతాబ్దం మధ్య) రోజుల ఆకారం. కోతెత్సు కాలపు కత్తి వంపు తక్కువగా ఉండి, మొన వైపు సన్నబడుతూ పోతుంది. పేరుకూ ఉక్కుకూ మధ్య రెండు వందల ఏళ్ళు తేడా. ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేకపోయాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదట, నిద్ర పట్టట్లేదట. వాపసు గడువు మిగిలి ఉంది కాబట్టి వెంటనే రాతపూర్వకంగా తెలిపి కత్తి తిప్పి పంపమన్నాను, డబ్బు వెనక్కి వచ్చింది. గడువు దాటాక నా దగ్గరికి వచ్చేవాళ్ళకు నేను చేయగలిగింది చాలా తక్కువ.

అపోహ: కత్తితో వచ్చే జపాన్ ప్రభుత్వ పత్రం అసలుదని హామీ.

ఆ తమ్ముడు చూపించిన 'సర్టిఫికెట్' తోరోకుషో, అంటే కత్తి రిజిస్ట్రేషన్ కార్డు, దాని నకలు. జపాన్‌లో కత్తి దగ్గర ఉంచుకోవాలంటే అది ఉండి తీరాలి. ప్రిఫెక్చర్ విద్యామండలి ఇస్తుంది. అందులో కత్తి రకం, పొడవు, వంపు, మెకుగి రంధ్రాలు ఎన్ని, నకాగో మీద ఏం చెక్కి ఉంది అన్నవి ఉంటాయి. ఏం చెక్కి ఉంటే అది రాస్తారు. కోతెత్సు అని ఉంటే కోతెత్సు అనే రాస్తారు. అది నిజమైన సంతకమా అన్నది వాళ్ళు చూసే విషయమే కాదు. కత్తికి ఆధార్ కార్డు అనుకోండి, పనితనానికి సాక్ష్యం కాదు.

సంతకం గురించి చెప్పే పత్రాలు వేరు. 1948లో ఏర్పడిన నిహోన్ బిజుత్సు తోకెన్ హోజోన్ క్యోకాయి (జపాన్ కళాత్మక కత్తుల పరిరక్షణ సంఘం) షిన్సా జరిపి ఇస్తుంది. టోక్యోలో ర్యోగోకు దగ్గరి కత్తుల మ్యూజియం వాళ్ళదే. హోజోన్, తోకుబెత్సు హోజోన్, జూయో, తోకుబెత్సు జూయో అని మెట్లు. మెయి నకిలీ అని తేలితే ఆ స్థితిలో పత్రం ఇవ్వరు. 1982 ముందు వాళ్ళే ఇచ్చిన పాత 'కిచో' పత్రాలుంటే, ముఖ్యంగా వాటిలో పెద్ద పేరు ఉంటే, మళ్ళీ షిన్సాకు పంపకుండా డబ్బు కట్టకండి. పత్రంలో ఉన్న నకాగో ఫొటో, మీ ముందున్న నకాగో ఒకటేనా అని తుప్పు మచ్చలతో సహా పోల్చండి. నిజమైన పత్రానికి వేరే కత్తి జతచేసి అమ్మేవాళ్ళున్నారు.

గిమెయి అని తేలాక "అయితే ఆ పేరు గీకేయిద్దాం" అని తొందరపడేవాళ్ళున్నారు. ఆ పని జరుగుతుంది, నిజమే. పేరు తీసేశాక మూమెయిగా షిన్సాలో నెగ్గిన కత్తులూ ఉన్నాయి. కానీ ఒకసారి తీసింది తిరిగి రాదు. నిపుణులు చేతిలో పట్టుకుని చూసేదాకా ఆగండి.

మిగతావి గబగబా.

అపోహ: నకాగో తుప్పు తోమితే పేరు బాగా కనపడుతుంది, ధర పెరుగుతుంది. వయసుకు సాక్ష్యం ఆ నల్లటి తుప్పే. తోమితే పోయేది ధరే. బర్మాలో జపాన్‌తో పోరాడిన 14వ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే, కాబట్టి కొన్ని ఇళ్ళలో తాతల నాటి కత్తి ఉంటే ఆశ్చర్యం లేదు. శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక కుటుంబం అలాంటి కత్తి ఫొటో పంపింది. నాకు చూపించేముందు శుభ్రంగా ఉండాలని ఎమరీ పేపర్‌తో నకాగోను తళతళలాడేలా రుద్దారు. ప్రేమతో చేసిన పనిని ఎలా తిట్టను? మీ ఇంట్లో ఉంటే కత్తికి పలచగా నూనె రాయండి, నకాగో జోలికి వెళ్ళకండి. కత్తికి సానపెట్టించడం అసలే వద్దు. అది ఏళ్ళ తరబడి నేర్చుకున్న తోగిషి పని, సానరాయి మనిషి పని కాదు.

అపోహ: యుద్ధకాలపు కత్తి అంటే చెత్త. సైనిక కత్తి (గున్‌తో అంటారు) పిడిలో పాత వంశపారంపర్య కత్తి దొరికిన సందర్భాలున్నాయి. మెకుగి తీసి చూడాలి. కత్తి పక్కన సీరియల్ నంబర్ ఉంటే మాత్రం అది చాలావరకు మిషన్ మీద చేసిన సార్జెంట్ల కత్తి, 1935 నమూనా. తాతగారి గుర్తుగా దాని విలువ దానికుంది.

అపోహ: పాతదైతే చాలు, లక్షలు పలుకుతుంది. సెంగోకు (15-16 శతాబ్దాల) అంతర్యుద్ధాల రోజుల్లో సైన్యాలకు మూకుమ్మడిగా చేసిన కత్తులూ ఇప్పుడు పాతవే. బిజెన్ ప్రాంతంలోని ఒసాఫునె ఊళ్ళో సుకెసాదా పేరు వాడిన కమ్మర్లు ఎందరో. ఒట్టి 'సుకెసాదా' వేరు, సొంత పేరు కూడా కలిపి చెక్కిన సుకెసాదా వేరు.

అపోహ: ఉక్కును వెయ్యిసార్లు మడిచారు. పది, పదిహేను సార్లు మడిస్తేనే పొరలు వేలల్లోకి వెళ్తాయి. మడతలు కాదు, పొరలు.

అపోహ: మురమాస అనే కమ్మరి చేసిన కత్తి ఇంట్లో ఉంటే అరిష్టం. పుకారు. ఇంకేం లేదు.

కొనాలని నిజంగా ఉంటే ఒక మాట. జపాన్ నుంచి కత్తి బయటికి రావాలంటే సాంస్కృతిక వ్యవహారాల సంస్థ అనుమతి కావాలి, తోరోకుషో ఇక్కడే తిరిగి ఇచ్చేయాలి. జాతీయ సంపదగా, ముఖ్య సాంస్కృతిక ఆస్తిగా ప్రకటించినవి అమ్మకానికి దేశం దాటవు, అలాంటిది అమ్ముతామని ఎవరైనా అంటే మాటలు అక్కడితో ఆపేయండి. ఇండియాకు తెప్పించుకునేవాళ్ళు 1959 ఆయుధాల చట్టం గురించి, కస్టమ్స్ గురించి అక్కడి లాయర్‌ను ముందే అడగండి. అడ్వాన్స్ ఆ తర్వాతే కట్టండి.