పాత ఫ్యాక్టరీ స్థలంలో ఇళ్లు కట్టే ముందు: అపోహలు, వాస్తవాలు

మూతపడిన ఫ్యాక్టరీల స్థలాల్లో కొత్తగా ఏదైనా కట్టే ముందు అక్కడి నేల, భూగర్భ జలం ఎలా ఉన్నాయో పరీక్షించి చెప్పడం నా పని. ఈ పనిలో తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని నమ్మి ముందుకెళ్తే నష్టపోయేది రేపు అక్కడ కాపురం ఉండేవాళ్లు. అందుకే రాస్తున్నాను.

అపోహ: మూతపడి ఏళ్లు గడిచాయి, ఉన్నదంతా ఈపాటికి పోయి ఉంటుంది.

కొన్ని పోతాయి. గాలి తగిలే నేలలో పెట్రోలు, డీజిలును సూక్ష్మజీవులు చాలావరకు తినేస్తాయి. సీసం, ఆర్సెనిక్ మాత్రం మూలకాలు, ఎన్నేళ్లైనా కుళ్లిపోవు. లోహపు భాగాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఇథిలీన్‌తో మరో చిక్కు. గాలి అందని చోట అది విడిపోతూ వినైల్ క్లోరైడ్‌గా మారుతుంది. అమెరికాలో తాగునీటిలో మొదటిదానికి పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు, రెండోదానికి 2. అంటే కాలం గడిచేకొద్దీ ముప్పు పెరిగే సందర్భాలూ ఉన్నాయి.

అపోహ: నాలుగు మూలలా మట్టి తీసి ల్యాబ్‌కి పంపితే సరిపోతుంది.

ఎక్కువ నష్టం చేసేది ఇదే. పని మొదలవ్వాల్సింది కాగితాలతో: పాత మ్యాపులు, ఆకాశం నుంచి తీసిన ఫోటోలు, అనుమతి పత్రాలు, అక్కడ పనిచేసినవాళ్ల మాటలు. జిడ్డు కడిగే తొట్టి ఎక్కడ ఉండేది? మురుగు ఎటు పోయేది? పల్లం మెరక చేయడానికి మట్టి ఎక్కడి నుంచి తోలించారు? ఆ తర్వాత స్థలమంతా నడిచి చూడాలి. గోడ పక్కన నేలలోంచి పైకి లేచిన సన్నటి ఇనుప గొట్టం కనిపిస్తే, కింద ఎవరూ చెప్పని ఇంధన ట్యాంకు ఉండొచ్చు. బొగ్గు నుంచి గ్యాస్ తీసిన పాత చోట్ల మట్టిలో ముదురు నీలం మరకలుంటే అవి సైనైడ్ సమ్మేళనాలు కావచ్చు.

ఎంత లోతున తీయాలన్నది కూడా ముఖ్యమే. పెట్రోలు నీటిపై తేలుతుంది. ట్రైక్లోరోఇథిలీన్ నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి, భూగర్భ జలాన్ని దాటి కిందికి దిగి బంకమట్టి పొర మీద ఆగుతుంది. పైపైన బోరు వేస్తే అది దొరకదు. మట్టిని సంచిలో వేసి కలియబెట్టినా, అందులో ఆవిరయ్యేది ల్యాబ్ చేరేలోపే ఎగిరిపోతుంది. తీసిన మట్టిలో కొంచెం వెంటనే సీసాలోకి ఎత్తి, బిగించి, ఐసులో పెట్టి పంపాలి.

అపోహ: వాసన లేదు, రంగు లేదు, కాబట్టి శుభ్రం.

సీసానికి, ఆర్సెనిక్‌కు వాసనే లేదు. పెట్రోలులో ఉండే బెంజీన్ అనే రసాయనం వాసన ముక్కుకు తెలిసేసరికే అది సురక్షిత స్థాయి దాటేసి ఉంటుంది.

అపోహ: పైన కాంక్రీటు పోసేస్తే ఇక భయం లేదు.

కాంక్రీటు మట్టిని తాకకుండా ఆపుతుంది, ఆవిరిని ఆపదు. నెర్రెల్లోంచి, పైపులు వచ్చే రంధ్రాల్లోంచి అది గదుల్లోకి ఎక్కుతుంది. కట్టడానికి ముందే నేలలోని వాయువును పరీక్షిస్తే, పునాది కింద పొర పరిచి, ఆవిరి బయటికి పోయే గొట్టాలు పెట్టడం తేలిక. జనం చేరాక అదే పని పెద్ద టెన్షన్.

న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్‌లో సుమారు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలను పూడ్చి, పైన బంకమట్టి కప్పి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు ఇచ్చారు. అక్కడే బడి కట్టారు, చుట్టూ ఇళ్లొచ్చాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను తరలించాల్సి వచ్చింది. కప్పేస్తే చాలనేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇదే.

అపోహ: రిపోర్టు బాగుందని వచ్చింది, ఇక ఎప్పటికీ చూసుకోనక్కర్లేదు.

రిపోర్టుకు ఒక తేదీ ఉంటుంది, ఒక వాడకమూ ఉంటుంది. గోదాముకు సరిపోయిన నేల, పిల్లలు మట్టిలో ఆడుకునే చోటికి సరిపోకపోవచ్చు. మీ చేతికి రిపోర్టు వస్తే ముందు చివరి పేజీకి పోకండి. ఏం చూడలేకపోయారో రాసిన భాగం చదవండి. తాళం తీయని షెడ్డు, దొరకని మ్యాపు, బోరు దిగని మూల ఉంటే అవన్నీ అక్కడ ఉండాలి. ఆ భాగమే లేకపోతే, డబ్బు కట్టే ముందే రాసినవాళ్లను అడగండి.