క్వారీ అంటే రాళ్ల గని ఒక్కటేనా? ఒక వేట మాట చుట్టూ అపోహలు - వాస్తవాలు

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తూ, ఇతరులు చేసిన అనువాదాలను పరిష్కరిస్తూ ఉండే నాబోటివారికి కఠిన పదాల కంటే బాగా తెలుసునని అనుకునే పదాలే ఎక్కువ చిక్కు తెచ్చిపెడతాయి. 'క్వారీ' అటువంటి పదం. చీమకుర్తి గ్రానైటు క్వారీలు, కంకర క్వారీలు, వాటి దగ్గర బారులు తీరే లారీలు తెలుగువారికి ఎంత పరిచితమంటే, ఆ మాట పులి గురించిన వ్యాసంలో కనబడినప్పుడు కూడా నిఘంటువు తెరవాలన్న ఆలోచన రాదు. యంత్రానువాదాల్లోనైతే జింకను తరుముతున్న పులి నేరుగా రాళ్ల గనిలోకి దిగిపోతుంది. ఇంగ్లీషులో ఈ పదానికి 'వేటాడబడుతున్న ప్రాణి' అనే అర్థం కూడా ఉంది. దాని చుట్టూ అల్లుకున్న అపోహలలో నా పనిలో తరచుగా ఎదురైనవాటిని ఇక్కడ చర్చిస్తాను.

అపోహ: రెండు అర్థాలూ ఒకే పదానివి. జంతువులను గోతులు తవ్వి పట్టేవారు గనుక, గోతి పేరే జంతువుకూ వచ్చింది.

వాస్తవం: వినడానికి బాగానే ఉన్నా ఇది కల్పన. ఇవి రెండు వేర్వేరు పదాలు. కాలక్రమంలో వర్ణక్రమం, ఉచ్చారణ కలిసిపోయి ఒకటిగా కనిపిస్తున్నాయి. రాళ్ల క్వారీ, చతురస్రాన్ని సూచించే లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది; రాయిని నలుపలకలుగా చెక్కి తీసే చోటు కాబట్టి దానికి ఆ పేరు. వేట క్వారీకి మూలం మరొకటి. మధ్యయుగపు ఐరోపాలో రాజులు, ప్రభువులు జాగిలాలతో దుప్పిని వేటాడిన తరువాత దాన్ని అక్కడే కోసి, పేగులు మొదలైన లోపలి భాగాలను జాగిలాలకు బహుమానంగా పెట్టేవారు. చాలా సందర్భాలలో అప్పుడే ఒలిచిన తోలు మీదనే పరిచి పెట్టేవారు. ఆ బహుమానానికి పాత ఫ్రెంచిలో ఉన్న పేరే ఇంగ్లీషులోకి వచ్చి క్వారీ అయింది. గుండెకు లాటిన్‌లో ఉన్న 'కోర్' అనే మాట నుంచి పుట్టిన ఆ పేరు, తోలును సూచించే ఫ్రెంచి మాట ప్రభావంతో రూపం మార్చుకుందని నిఘంటుకారులు వివరిస్తారు. ఆ తంతును ఫ్రాన్సులో ఇప్పటికీ 'క్యూరే' అనే పిలుస్తారు.

ప్రసంగవశాత్తు మరొక మాట: పాత చర్చి కిటికీలలో కనబడే వజ్రాకారపు గాజు పలకను కూడా ఇంగ్లీషులో క్వారీ అంటారు. అది మూడో పదం. దాని మూలంలోనూ చతురస్రమే ఉంది.

అపోహ: క్వారీ అంటే వేటలో చచ్చిన జంతువు.

వాస్తవం: ఒకప్పుడు అది నిజం, నేడు కాదు. జాగిలాల వాటాగా మొదలైన అర్థం తరువాత వేటలో చంపి కుప్పగా పోసిన జంతువులకు విస్తరించింది, ఆ పైన ఇంకా బ్రతికి పరుగెడుతున్న జంతువుకు మారింది. ఈ మార్పు తెలియకపోతే పాత సాహిత్యాన్ని అనువదించేవారు పొరబడతారు. 1606 ప్రాంతంలో షేక్స్‌పియర్ రచించిన 'మాక్‌బెత్' నాలుగో అంకంలో, తన భార్యాబిడ్డలు హతులయ్యారన్న వార్త విన్న మాక్‌డఫ్‌తో, వారు ఎలా చనిపోయారో కూడా వర్ణించి చెబితే ఆ దుప్పుల క్వారీ మీద నీ మరణాన్ని కూడా చేర్చినట్లవుతుందని ఆ వార్త తెచ్చిన రాస్ అంటాడు. ఇక్కడ క్వారీ అంటే చంపి పోగుపెట్టిన కళేబరాల కుప్ప. నేటి అర్థాన్ని అక్కడ పెట్టి 'తరుముతున్న జింకలు' అని రాస్తే, అప్పటికే చనిపోయినవారు మళ్లీ పరుగెత్తడం మొదలుపెడతారు, వాక్యంలోని భారమంతా కుప్పకూలుతుంది.

అపోహ: క్వారీ, ప్రే రెండూ పర్యాయపదాలే, రెండింటినీ 'ఎర' అంటే సరిపోతుంది.

వాస్తవం: అనువాదకులు అత్యధికంగా తడబడేది ఇక్కడే గనుక కొంత వివరంగా చెప్పవలసి ఉంది. 'ప్రే' అనేది ప్రకృతిలో ఒక జీవికి ఆహారం కాగల జీవులకు పేరు. అమ్రాబాద్ అడవిలో గడ్డి మేస్తున్న చుక్కల దుప్పి, అక్కడి పులి ఎక్కడో సెలయేటి పక్కన నిద్రపోతున్నప్పటికీ, ఆ పులికి ప్రే జంతువే. కణితి, మనుబోతు, అడవిపంది కూడా అంతే. అటవీశాఖ నివేదికలు పులులకు అందుబాటులో ఉన్న ఆహార జంతువుల గురించి మాట్లాడేటప్పుడు వాడే మాట ప్రే. అక్కడ క్వారీ అని రాయడం ఇంగ్లీషులో అసంబద్ధంగా ఉంటుంది. అదే పులి లేచి, మందలో ఒక దుప్పిని ఎంచుకుని, దాని వైపు పొంచి నడవడం ప్రారంభించిన క్షణం నుంచి ఆ ఒక్క దుప్పి దానికి క్వారీ. దుప్పి తప్పించుకుని పోతే మళ్లీ క్వారీ కాకుండా పోతుంది. ప్రే జంతువుగా మాత్రం మిగిలే ఉంటుంది. అంటే క్వారీ అనే మాట జంతువు జాతిని గాని స్వభావాన్ని గాని చెప్పదు, దాని వెంట ఎవరో పడ్డారని మాత్రమే చెబుతుంది. డేగవేటగాళ్లు తమ డేగను ఏ పక్షి మీదికి వదిలారో ఆ పక్షిని క్వారీ అనడంలోనూ ఇదే తర్కం కనిపిస్తుంది.

ఇక 'ఎర' సంగతి. తెలుగులో గాలానికి గుచ్చే వానపామూ ఎరే, పాము మింగే కప్పా ఎరే. ప్రే అనే మాటకు ఇది కొన్నిచోట్ల సరిపోతుంది కాని, క్వారీ ఉన్నచోట పెడితే అర్థం తలకిందులయ్యే ప్రమాదముంది. పోలీసులు తమ క్వారీ కోసం రాత్రంతా గాలించారన్న వాక్యంలో 'ఎర' అని రాస్తే, నేరస్థుణ్ని పట్టుకోవడానికి వాళ్లే వేసిన ఎర తప్పిపోయిందేమోనని పాఠకుడు అనుకుంటాడు. 'వేటజంతువు' అన్నా అనుమానం తీరదు, ఎందుకంటే అది వేటాడే జంతువో వేటకు గురయ్యే జంతువో ఆ సమాసం చెప్పదు. నా అభిప్రాయంలో దీనికి ఒకే సమానార్థకాన్ని వెతకడం వృథా శ్రమ. వెంటాడుతున్నది ఎవరో చూసి, 'తాను తరుముతున్న జింక' అనో, 'పోలీసులు గాలిస్తున్న వ్యక్తి' అనో క్రియతో చెప్పడమే మేలు. కిరాతార్జునుల కథలో ఒకే పంది మీద ఇద్దరి బాణాలూ పడిన తరువాత, అది ఎవరి వేట అన్నదే తగవవుతుంది; అక్కడ 'వేట' అనే మన మాట క్వారీకి చాలా దగ్గరగా వస్తుంది. తెలుగు వాక్యంలో అటువంటి చోటు దొరికితే వదులుకోకూడదు.

అపోహ: మనుషులకు వాడితే అది నింద.

వాస్తవం: కాదు. పరారీలో ఉన్న దొంగ పోలీసులకు క్వారీ కావచ్చు, ముఖం చాటేస్తున్న మంత్రి విలేకరులకు క్వారీ కావచ్చు. ఆ వ్యక్తి దోషి అని గాని, నిస్సహాయుడని గాని ఆ మాట సూచించదు. నిస్సహాయత ధ్వనించాలంటే ఇంగ్లీషువారు ప్రే అంటారు.

అపోహ: జంతువులు ఎక్కువైతే 'క్వారీస్' అనాలి.

వాస్తవం: వ్యాకరణం అడ్డు చెప్పదు కాని, వాడుకలో ఏకవచన రూపమే సమూహానికి కూడా సరిపోతుంది. బహువచనం చూడగానే ఇంగ్లీషు పాఠకుడికి కూడా రాళ్ల గనులే గుర్తుకువస్తాయి.

అపోహ: గేమ్ అన్నా క్వారీ అన్నా ఒకటే.

వాస్తవం: వేటాడదగినవిగా లెక్కించే జంతువులకు, పక్షులకు ఇంగ్లీషులో గేమ్ అని పేరు; అది చట్టానికీ ఆచారానికీ సంబంధించిన వర్గీకరణ. బ్రిటన్‌లో 1831 నాటి గేమ్ చట్టం కుందేలు, ఫెజెంట్ అనే పక్షి, కౌజు వంటి కొన్నింటిని పేరుపేరునా గేమ్‌గా లెక్కించింది. నక్క ఆ జాబితాలో లేదు, అయినా శతాబ్దాలపాటు అక్కడి జాగిలాల వేటకు అదే అత్యంత ప్రసిద్ధమైన క్వారీ. మన దేశంలోనూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొలిరూపంలో స్పెషల్ గేమ్, బిగ్ గేమ్, స్మాల్ గేమ్ అనే షెడ్యూళ్లు (జాబితాలు), వాటిలోని జంతువుల వేటకు లైసెన్సులు ఉండేవి. 1991 సవరణ ఆ లైసెన్సుల పద్ధతిని తొలగించి, 11, 12 సెక్షన్లలో చెప్పిన ప్రత్యేక సందర్భాలలో తప్ప షెడ్యూళ్లలోని వన్యప్రాణుల వేటను నిషేధించింది. కాబట్టి పాత ప్రతిని చూసి 'అనుమతితో వేటాడదగిన జంతువులు' అని నేటి కాలంలో అనువదించడం పాఠకుణ్ని తప్పుదారి పట్టించడమే. ఆఫ్రికా పర్యాటక ప్రకటనలలోని 'గేమ్ డ్రైవ్' మాత్రం వేట కాదు, వాహనంలో తిరుగుతూ జంతువులను చూడడం. 'ఫెయిర్ గేమ్' అనే పలుకుబడి మనుషులకు వాడినప్పుడు 'ఊరందరికీ లోకువ' అన్న మన మాట చాలా సందర్భాలలో చక్కగా అమరుతుంది.

అపోహ: వెనిసన్ మొదటి నుంచీ జింక మాంసమే.

వాస్తవం: వేటాడడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి పుట్టిన ఈ మాట, పూర్వం అడవిపందితో సహా వేటలో దొరికిన ఏ జంతువు మాంసానికైనా చెల్లేది. క్రమంగా జింక జాతుల మాంసానికి పరిమితమైంది. న్యూజిలాండ్‌లో కంచెల మధ్య పెంచిన జింకల మాంసం కూడా అదే పేరుతో అమ్ముడవుతుంది. ఈ విషయంలో తెలుగు వెనుకబడిలేదు. కోస్తా జిల్లాలలో 'వేట మాంసం' అంటే పెంపుడు మేక మాంసమే. అందువల్ల విదేశీ వంటల పుస్తకంలోని వెనిసన్‌ను 'వేట మాంసం' అని రాస్తే గుంటూరు పాఠకుడు నేరుగా మాంసం కొట్టుకు వెళతాడు. అక్కడ 'జింక మాంసం' అనే రాసి, మన దేశంలో జింకను వేటాడడం, దాని మాంసం అమ్మడం చట్టరీత్యా నేరమని అడుగున ఒక వాక్యం చేర్చడం అవసరం.