పండ్ల ఈగ జనరేషన్ టైమ్: పది రోజుల లెక్క ఎక్కడ తప్పుతోంది?

ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, శ్రీకాకుళంలో మా ల్యాబ్‌కి వచ్చే ఎమ్మెస్సీ జువాలజీ పిల్లల్లో చాలామందిది ఒకటే లెక్క. "మేడమ్, డ్రోసోఫిలాకి (ల్యాబ్‌లో పెంచే పండ్ల ఈగకి) పది రోజులకో తరం కదా, 150 రోజుల్లో 15 తరాలు!" పాత రికార్డుల్లోంచి కొత్త రికార్డుల్లోకి ఈ తప్పు అలా ఎక్కుతూనే ఉంది. ఒక్కసారి విడమరిచి చెప్తాను.

అపోహ: జనరేషన్ టైమ్ అంటే పది రోజులు.

వాస్తవం: 25 డిగ్రీల దగ్గర గుడ్డు ఈగగా మారడానికి పట్టేది సుమారు 10 రోజులు. అది పెరిగే కాలం మాత్రమే. ఆడ ఈగ ప్యూపా (గూడు దశ) నుంచి బయటికొచ్చాక గుడ్లు మొదలుపెట్టడానికే ఇంకో రెండు రోజులు కావాలి. జనరేషన్ టైమ్, అంటే ఒక తరం కాలం కావాలంటే, తల్లి గుడ్డుగా పడిన రోజు నుంచి, తర్వాతి తరాన్ని పెంచే బాటిల్‌కి వెళ్లే గుడ్లు ఆమె పెట్టిన రోజు దాకా లెక్కపెట్టాలి. 14 రోజులకోసారి గుడ్లు తీసుకుని పాత ఈగల్ని తీసేస్తే తరం 14 రోజులు. అప్పుడు 150 రోజుల్లో పది తరాలే పూర్తవుతాయి. బెంగళూరు జేఎన్‌సీఏఎస్‌ఆర్ పరిశోధన సంస్థలో 21 రోజుల చక్రంలో పెంచే ఈగలున్నాయి. పరిణామ శాస్త్రవేత్త మైకేల్ రోజ్ ముసలి ఈగల గుడ్లే తీసుకుంటూ తరాన్ని 10 వారాలకు సాగదీశారు. జాతి అదే, మారింది గుడ్లు తీసే రోజు.

పాతవీ కొత్తవీ కలిసి బతికే కేజ్ (ఈగల పంజరం) అయితే సగటు కట్టాలి. ఒకే రోజు గుడ్లుగా మొదలైన గుంపు పెట్టే ప్రతి 100 గుడ్లలో 12వ రోజున 20, 16న 40, 20న 30, 24న 10 పడ్డాయనుకోండి. రోజును గుడ్లతో హెచ్చవేసి, కూడి, 100తో భాగిస్తే 17.2 రోజులు వస్తుంది. మొదటి గుడ్డు పడిన రోజును పట్టుకుంటే తరాలు ఎక్కువ లెక్కకొస్తాయి.

అపోహ: వేడి పెంచితే తరాలు త్వరగా తిరుగుతాయి.

వాస్తవం: కొంతవరకే. 18 డిగ్రీల్లో 19 రోజులు పట్టేది 25లో పదికి తగ్గుతుంది, నిజమే. 30 దాటితే మగ ఈగలు గొడ్డుబోతాయి. ఒక మే నెలలో కరెంటు పోయి ఇంక్యుబేటర్ ఆగింది. విజయనగరం నుంచి వచ్చే ఒకమ్మాయి బాటిల్ వెలుతురుకి పట్టుకుని, "గుడ్లున్నాయి మేడమ్, వాటిలోంచి పిల్ల పురుగులు రాలేదు, నా చేతిలోనే ఏదో లోపం" అని ఏడ్చేసింది. చేతిలో ఏ లోపమూ లేదు తల్లీ, వేడికి మగ ఈగలే గొడ్డుబోయాయి! చల్లటి గదిలో ఉంచిన మగ ఈగల్ని వేస్తే, నాలుగు రోజుల్లో మేత మీద పురుగులు కదిలాయి.

 

ఇప్పటికే 15 తరాలని రాసేసినవాళ్లు టెన్షన్ పడకండి. బాటిల్ లేబుళ్ల మీద తేదీలు ఉంటాయి. ప్రతిసారీ పాతవాటిని తీసేసి ఉంటే, ఎన్నిసార్లు మార్చారో అన్నే తరాలు. ఆ అంకె, ఉష్ణోగ్రత, మార్చిన రోజులు రిపోర్టులో మెథడ్స్ (పద్ధతుల) భాగంలో రాయండి.