అమావాస్య రాత్రి గాలి అలలు

"చంద్రుడు లేని రాత్రి ఆకాశం నిజంగా నల్లగా ఉంటుందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఉండదు. ఆకాశానికి తనదంటూ ఒక వెలుగుంది. పగటి ఎండకు విడిపోయిన ఆక్సిజన్ రాత్రంతా మళ్లీ కలుస్తూ ఆకుపచ్చగా మినుకుతుంది, సుమారు 97 కి.మీ. ఎత్తున. ఇంకాస్త కింద, 87 కి.మీ. దగ్గర, హైడ్రోజన్ పరమాణువులు ఓజోన్‌ను తాకి మన కంటికి కనిపించని పరారుణ వెలుగునిస్తాయి. దీన్నంతా కలిపి ఎయిర్‌గ్లో అంటారు.

నాకు అంతకన్నా ఇష్టమైనవి ఆ వెలుగులో కదిలే అలలు. వీటినీ గురుత్వ తరంగాలనే అంటారు. బ్లాక్ హోల్స్ ఢీకొంటే పుట్టేవాటికీ మన పేపర్లలో అదే పేరు! రెండింటికీ ఏ సంబంధమూ లేదు. పిల్లలకు చెప్పేటప్పుడు 'గాలి అలలు' అంటే చాలు, సగం తికమక పోతుంది.

ఉరుముల మేఘం పైకి పొడుచుకొచ్చి అక్కడి గాలిని ఎగదోస్తుంది. ఎక్కిన గాలి చల్లబడి, చుట్టూ ఉన్న గాలికన్నా బరువై కిందికి జారుతుంది. ఆ ఊపులో హద్దు దాటి దిగి, వేడెక్కి, తేలికై మళ్లీ లేస్తుంది. ఒక్క ఊగుకు కనీసం ఐదు నిమిషాలు.

ఇక్కడ చర్నాకోలను గుర్తు తెచ్చుకోండి. పిడి దగ్గర లావు, కొసకు సన్నం. చెయ్యి ఆడేది జానెడే, ఆ ఊపు కొసకు చేరేసరికి ఛళ్లుమంటుంది. శక్తి అంతే, మోయాల్సిన బరువే తగ్గింది. మన వాతావరణం కూడా నిలువుగా నిలబెట్టిన చర్నాకోలే. 87 కి.మీ. దగ్గర గాలి సాంద్రత నేల దగ్గరున్న దాంట్లో లక్షో వంతు కూడా ఉండదు. అల ఊపు సాంద్రత వర్గమూలానికి విలోమంగా పెరుగుతుంది కాబట్టి, దారిలో శక్తి పోకపోతే, కింద సెకనుకు ఒక సెంటీమీటరున్న కదలిక అక్కడికి వెళ్లేసరికి నాలుగు మీటర్లు దాటుతుంది. ఇంకా పెరిగితే అల విరుగుతుంది. అదే ఛళ్లు! విరిగిన చోట తన ద్రవ్యవేగాన్ని అక్కడి గాలికి అప్పగిస్తుంది. కొన్ని అలలకు ఆ యోగం ఉండదు. దారిలో తమతో సమాన వేగంతో, అదే దిక్కుకు వీచే గాలి ఎదురైతే, కొరడాను మధ్యలో పట్టేసుకున్నట్టు అక్కడే ఆగిపోతాయి.

తిరుపతి దగ్గరి గాదంకిలో, 13.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఆకాశమంతా ఒకే ఫ్రేములో పట్టే కెమెరాతో ఈ వెలుగును ఫొటోలు తీసింది. ఇలాంటి ఫొటో మొదట చూస్తే నిరాశే: గుండ్రటి బూడిదరంగు పళ్లెం, అడ్డంగా పాలపుంత. ఒక ఫొటోలోంచి దాని ముందుదాన్ని తీసేస్తే నక్షత్రాలు చాలావరకు చెరిగిపోయి, దున్నిన చేను బయటపడుతుంది. చాలుకూ చాలుకూ మధ్య పది, ఇరవై, ముప్ఫై కిలోమీటర్లు.

వెన్నెలుంటే ఈ పని సాగదు. బయల్దేరవద్దని పెద్దలు చెప్పే అమావాస్యే దీనికి అసలైన ముహూర్తం. ఆ భయం వదిలి పిల్లల్ని ఆ రాత్రి డాబా మీదికి తీసుకెళ్లండి.

ఇక మిగిలింది మబ్బుల బెడద. అలల్ని పుట్టించే మేఘమే కెమెరాకు అడ్డం. అయితే అల పైకే కాదు, పక్కకీ పోతుంది. అందుకే ఎక్కడో దూరాన కురిసిన ఉరుముల వాన జాడ, మన నెత్తిన తేటగా ఉన్న ఆకాశంలో చాళ్లుగా దొరుకుతుంది. 2023 నవంబరులో నాసా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపిన ఏడబ్ల్యూఈ (వాతావరణ అలల ప్రయోగం) పరికరమైతే అదే 87 కి.మీ. పొరను పైనుంచే చూసింది, మబ్బుల మీదుగా.