మీ ఉద్యోగంలో ట్రియర్ గది ఎంత ఉంది?

"మా అబ్బాయి తెలివైనవాడే, నలుగురిలో నోరు పెగలదు. మనుషులతో పని పడని ఉద్యోగం ఏదైనా ఉంటే చెప్పండి." చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. దీనికి మామూలుగా దొరికే జవాబు ఒక జాబితా: ప్రోగ్రామర్, అకౌంటెంట్, లైబ్రేరియన్, రాతపని. ఆ జాబితాని నమ్మి చేరినవాళ్లు చాలాసార్లు ఇబ్బంది పడతారు. లైబ్రేరియన్ పొద్దస్తమానం వచ్చేపోయేవాళ్లకి జవాబులు చెబుతూనే ఉండాలి. ప్రోగ్రామర్ చాలా కంపెనీల్లో రోజూ పొద్దున్నే జట్టంతటి ముందూ నిన్న చేసిన పని అప్పజెప్పాలి. ఎంతమంది మనుషులు ఎదురవుతారన్నది ఇక్కడ పెద్ద లెక్క కాదు. ఆ మనుషుల్లో దేన్ని చూసి ఒళ్లు భయపడుతుందో శాస్త్రవేత్తలు చాలావరకు పట్టుకున్నారు. దాన్ని పట్టుకోవడానికి వాళ్లు వాడింది ఒక ఉత్తుత్తి ఉద్యోగ ఇంటర్వ్యూ.

జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో 1993లో కిర్ష్‌బామ్, పిర్కె, హెల్‌హామర్ అనే ముగ్గురు ఈ పరీక్షని ప్రకటించారు. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్‌ని కొలవాలంటే ముందు ఒత్తిడి పుట్టాలి, అదీ అందరికీ ఒకే పద్ధతిలో పుట్టాలి. అందుకు ఒక గది సిద్ధం చేశారు, నేను ట్రియర్ గది అంటున్నది దాన్నే. మీరొక ఉద్యోగానికి వచ్చిన అభ్యర్థి. ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి 10 నిమిషాలు ఇస్తారు. తర్వాత ముగ్గురి ముందు, మైకు ఎదుట నిలబడాలి. పక్కన వీడియో కెమెరా తిరుగుతుంటుంది. ఆ ఉద్యోగానికి మీరే ఎందుకు తగినవారో 5 నిమిషాలు చెప్పాలి. ఎదుటివాళ్లు తల ఊపరు, నవ్వరు, చిరాకూ పడరు. మీరు రెండు నిమిషాలకే ఆగిపోతే "మీకింకా సమయం ఉంది, చెప్పండి" అని ఊరుకుంటారు. అది అయ్యాక ఇంకో 5 నిమిషాలు లెక్క: 1022లోంచి 13 తీసేయండి, వచ్చినదాంట్లోంచి మళ్లీ 13, అలా పైకి చెబుతూ పోవాలి. తప్పు చెబితే "తప్పు, 1022 నుంచి మొదలుపెట్టండి" అంటారు. ఈ పది నిమిషాలకే లాలాజలంలో కార్టిసాల్ రెండు నుంచి నాలుగు రెట్లు పెరిగింది.

మన బడుల్లో ఎక్కం తప్పిన పిల్లవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి "మళ్లీ మొదట్నుంచీ" అనడం అచ్చం ఇదే. ప్రయోగశాలలో ఒత్తిడి పుట్టించడానికి ఎన్నుకున్న పద్ధతిని మనం చదువు చెప్పే పద్ధతిగా వాడుతున్నాం. దాన్ని మానేయాలి.

ఆ గదిలో అసలు విషం ఎక్కడుంది? లెక్క కష్టంలోనా, ఉపన్యాసంలోనా? 2004లో డికర్సన్, కెమెనీ అనే ఇద్దరు పరిశోధకులు 208 ప్రయోగశాల అధ్యయనాల్ని కలిపి చూశారు. పని కష్టంగా ఉన్నంత మాత్రాన కార్టిసాల్ పెద్దగా పెరగడం లేదు. ఎదుటివాళ్లు మన విలువ కడుతున్నారన్న భావన ఒకటి, ఏం చేసినా ఫలితం మన చేతిలో లేకపోవడం ఒకటి, ఈ రెండూ కలిసినచోట బాగా పెరుగుతోంది. తర్వాత గదిని విడగొట్టి చూశారు. అంతే సేపు ఖాళీ గదిలో ఒంటరిగా మాట్లాడమంటే కార్టిసాల్ పెరగలేదు. మనుషుల్ని ఉంచి, వాళ్లు తల ఊపుతూ, చిరునవ్వుతో వింటే అప్పుడూ పెరగలేదు. అంటే మనుషులుండటంతోనే భయం పుట్టడం లేదు. "నలుగురేమనుకుంటారో" అన్న మన మాటలో బరువంతా "అనుకుంటారో" మీద ఉంది.

అంతర్ముఖత్వం, సామాజిక ఆందోళన వేరువేరు సంగతులు. అంతర్ముఖులు జనంలో అలిసిపోతారు, ఏకాంతంలో తేరుకుంటారు. ఆందోళన ఉన్నవాళ్లు జనం వేసే వెల గురించి భయపడతారు. రెండూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు అలసటకి ఒక ఏర్పాటు, భయానికి ఇంకో ఏర్పాటు కావాలి. ఏకాంతం దొరికే ఉద్యోగం అలసటని తగ్గిస్తుంది, భయాన్ని తగ్గించాలని లేదు.

కాబట్టి ఏ ఉద్యోగాన్నైనా గంటలవారీగా కాగితం మీద రాసి, అందులో ట్రియర్ గది ముక్కలు ఎన్ని ఉన్నాయో చూడండి. నా పనిని ఎవరు అంచనా కడతారు, మొహం మీదా కాగితం మీదా? తప్పు దొరికితే అక్కడికక్కడే అందరి ముందూ చెబుతారా? ఎప్పుడు మాట్లాడాలో ముందే తెలుస్తుందా, ఉన్నట్టుండి పిలుస్తారా? చేతిలో కాగితం పెట్టుకోవచ్చా? మధ్యలో ఆపి "కనుక్కుని చెబుతాను" అనే వీలుందా? అన్నింటికన్నా ఎక్కువ బలం ఈ చివరి ప్రశ్నది. వీలుండటమంటే ఫలితం మీద కొంత పట్టు ఉన్నట్టే.

హైదరాబాద్‌లో బాగా దొరికే మెడికల్ కోడింగ్‌ని ఈ లెక్కతో చూద్దాం. అమెరికా ఆసుపత్రుల రోగుల రికార్డులు చదివి, జబ్బుకి ఒక కోడ్, చేసిన చికిత్సకి ఒక కోడ్ వేయడం పని. లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్ చదివినవాళ్లని ఎక్కువగా తీసుకుంటారు. అంచనా ఉంది, గట్టిగానే ఉంది: ఆడిటర్ కొన్ని చార్టులు తీసి తప్పులు లెక్కపెడతాడు, 95 శాతం కచ్చితత్వం అడగడం మామూలు. కానీ తప్పు రాతలో వస్తుంది. నిబంధన చూపించి "నా కోడే సరైనది" అని రాతలోనే తిరిగి వాదించవచ్చు. చూసే కళ్లు ఉన్నాయి, పట్టు కూడా ఉంది. ఇబ్బంది ఇంకోచోట. అదే రంగంలో ఏఆర్ (అకౌంట్స్ రిసీవబుల్, అంటే రావాల్సిన బాకీలు) కాలర్ అనే పని ఉంటుంది. రాత్రిపూట అమెరికా బీమా కంపెనీలకి ఫోన్ చేసి, ఆగిపోయిన బిల్లుల గురించి అడగాలి. ప్రతి కాల్ రికార్డవుతుంది, కోటా ఉంటుంది. ఒకే సంస్థ రెండు పనులకీ మనుషుల్ని తీసుకుంటుంది. అందుకే ఆఫర్ లెటర్‌లో హోదా "కోడర్" అనే ఉందా, ఇంకో ప్రాసెస్‌కి మార్చే హక్కు సంస్థకి ఉందా అన్నది సంతకానికి ముందే చదవాలి.

దీనికి పూర్తిగా ఎదురుగా కనిపించేది ల్యాబ్ టెక్నీషియన్ పని. రోజూ ఎంతోమందిని తాకాలి, పలకరించాలి. భయపడే మనిషికి ఇదెలా సరిపోతుంది అనిపిస్తుంది. రక్తం తీసే పనిని విప్పి చూడండి. "మీరు రాములుగారేనా" అని అడగకూడదు, "మీ పేరు చెప్పండి" అని అడిగి చీటీతో సరిచూసుకోవాలి. మోచేతికి నాలుగు వేళ్ల పైన పట్టీ కట్టాలి, అది నిమిషం దాటి ఉండకూడదు. స్పిరిట్ ఆరాక సూదిని 15 నుంచి 30 డిగ్రీల వాలులో దించాలి. రక్తం రాగానే పట్టీ వదలాలి, సూది తీశాక దూది గట్టిగా నొక్కిపెట్టమనాలి. మొత్తం ఐదారు వాక్యాలు, రోజంతా అవే వాక్యాలు. రోగి చూసేది మీ చేతిని, అది కూడా చూడలేక చాలామంది మొహం తిప్పుకుంటారు. చిక్కు ఎప్పుడొస్తుందంటే నరం దొరకనప్పుడు. రోగి బంధువులు చుట్టూ చేరి గుచ్చి గుచ్చి చూస్తారు, గది ఒక్కసారిగా ట్రియర్ గదిగా మారిపోతుంది. దానికి విరుగుడు నియమంలోనే ఉంది: రెండుసార్లు ప్రయత్నించి కుదరకపోతే మూడోసారి వేరొకరిని పిలవాలి. ఆ నియమాన్ని గట్టిగా పాటించే ల్యాబ్‌లో చేరండి.

ప్రభుత్వ ఉద్యోగాల్లో ఒక భ్రమ ఉంది. కేంద్రంలో గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి కొలువులకి 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూ లేదు. దాంతో బిడియస్థులు ఇంటర్వ్యూ లేని పరీక్షలన్నీ వరుసపెట్టి రాస్తారు. ఎంపికలో ట్రియర్ గది లేకపోవడం వేరు, కొలువులో లేకపోవడం వేరు. బ్యాంకు గుమాస్తా కొలువులకి పెట్టే ఐబీపీఎస్ క్లర్క్ పరీక్షకి ఇంటర్వ్యూ లేదు, కానీ ఆ పోస్టుకి ఇప్పుడు పెట్టిన పేరే కస్టమర్ సర్వీస్ అసోసియేట్. కౌంటర్‌లో డబ్బు తీసుకోవడం, ఇవ్వడం ఇబ్బంది కాదు, అది కూడా ఐదారు వాక్యాల పనే. క్యూలో పదిమంది చూస్తుండగా ఒక ఖాతాదారు గొంతు పెంచడం, బీమా పాలసీలు అమ్మమని లక్ష్యాలు పెట్టడం, ఇవీ గది ముక్కలు. కేంద్రం వారి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) ద్వారా వచ్చే ఆడిట్, గణాంక విభాగాల కొలువుల్లో ఇవి చాలా తక్కువ. పోస్టుల ప్రాధాన్యక్రమం ఇచ్చేటప్పుడు జీతం కన్నా ముందు దీన్ని చూడండి.

అలాగని గది ముక్క ఒక్కటి కూడా లేని ఉద్యోగం వెతకొద్దు. తప్పించుకున్న ప్రతిసారీ వెంటనే గుండె తేలికవుతుంది. ఆ తేలికదనమే బహుమతిగా పనిచేసి తప్పించుకోవడాన్ని అలవాటు చేస్తుంది. నాలుగేళ్లు ఎవరితోనూ మాట్లాడకుండా గడిపినవాడికి ఐదో ఏట ప్రమోషన్ ఇంటర్వ్యూ కొండంతై కూర్చుంటుంది. వారానికి రెండుమూడుసార్లు, ముందే తెలిసిన సమయానికి, చిన్న మోతాదులో మాట్లాడాల్సి వచ్చే పని అన్నిటికన్నా మంచిది.

తప్పించుకోవడానికి ఒక దొంగరూపం కూడా ఉంది, మన తాయెత్తు లాంటిది. తాయెత్తు కట్టుకుని పరీక్ష రాసినవాడు పాసైతే ఘనత తాయెత్తుకే పోతుంది. వాడికి తన చదువు మీద నమ్మకం ఎప్పటికీ కుదరదు, పైగా తాయెత్తు లేనిరోజు వణుకు పుడుతుంది. ఆందోళన ఉన్నవాళ్లు ఇలాంటివి డజను పెట్టుకుంటారు: చెమట కనిపించకుండా ముదురు రంగు చొక్కా, చేతులు వణక్కుండా పెన్ను బిగించి పట్టుకోవడం, ప్రతి వాక్యాన్నీ ముందే మనసులో వల్లెవేయడం, తొందరగా చెప్పేసి ఊరుకోవడం. ఇవి ఘనతని కొట్టేయడమే కాదు, చేటు కూడా చేస్తాయి. బిగించి పట్టుకుంటే కండరం ఇంకా వణుకుతుంది. మనసులో వల్లెవేస్తుంటే ఎదుటివాళ్ల ప్రశ్న సగమే వినపడుతుంది, జవాబు పక్కదారి పడుతుంది, "నాకు మాట్లాడటం రాదు" అన్న నమ్మకం మరింత బలపడుతుంది.

ఇంటర్వ్యూకి సాధన చేయాలంటే ట్రియర్ గదినే ఇంట్లో కట్టుకోవచ్చు. 1995లో కిర్ష్‌బామ్ బృందం 20 మంది మగవాళ్లని ఆ గదిలోకి వరుసగా 5 రోజులు పంపింది. 13 మందిలో కార్టిసాల్ రెండోరోజు నుంచే బాగా తగ్గింది. మిగిలిన ఏడుగురిలో గదిలోకి వెళ్లిన ప్రతిరోజూ మళ్లీ పెరిగింది. అంటే ఉత్త పునరావృతం చాలామందికి సరిపోతుంది, కొందరికి చాలదు, వాళ్లకి మెట్లు కావాలి. బంధువొకరు, పక్కింటి టీచరుగారు, స్నేహితుడి అన్న, ఇలా ముగ్గుర్ని కూర్చోబెట్టండి. రోజుకి ఒక్క విడత, 10 నిమిషాలు. మొదటిరోజు చేతిలో కాగితం ఉండొచ్చు, వాళ్లు తల ఊపాలి. రెండోరోజు కాగితం తీసేయాలి. మూడోరోజు వాళ్లు మొహాల్లో ఏమీ కనపడనివ్వకూడదు. నాలుగోరోజు ఎదురుగా ఫోన్‌లో వీడియో. ఐదోరోజు అనుకోని ప్రశ్నలు, తాయెత్తులన్నీ బంద్.

ప్రతి విడతకీ ముందు భయాన్ని అంకెల్లో రాయాలి: "30 సెకన్లు మాట రాకుండా ఆగిపోతాను, 80 శాతం ఖాయం." అయ్యాక వీడియోలో గడియారం పెట్టి చూడాలి. చాలాసార్లు ఆ 30 సెకన్లు నాలుగైదు సెకన్లే. భయం పోయిందా లేదా అని చూసుకోకండి, ఊహ తప్పిందా లేదా అని చూడండి. సాధన పాడయ్యేది సాధారణంగా ఇంట్లోవాళ్ల చేతిలో: మధ్యలో ఆపి "అలా కాదురా" అనడం, జాలిపడి నవ్వడం, ఐదు మెట్లూ ఒకేరోజు ఎక్కించాలనుకోవడం.

కార్టిసాల్ శిఖరానికి చేరేది ఒత్తిడి మొదలైన 21 నుంచి 40 నిమిషాల మధ్య. అంటే పావుగంట ఇంటర్వ్యూ అయిపోయి మీరు బస్టాప్‌లో నిలబడ్డాక. సరిగ్గా అప్పుడే మనసు ఇంటర్వ్యూ అంతా తిరగేసి, తప్పులే ఏరి చూపిస్తుంది. ఆ వేళ ఎలా జరిగిందో ఇంట్లోవాళ్లు ఫోన్‌లో అడక్కూడదు, మీరు తీర్పు రాసుకోకూడదు. అడిగిన ప్రశ్నలు మాత్రం నోట్ చేసుకోండి, మిగతాది మర్నాడు.

ఆర్నెల్లకి మించి భయం ఉండి, దానివల్ల పరీక్షలు, ఉద్యోగాలు వదులుకుంటుంటే అది చికిత్స చేయదగిన జబ్బు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స), డాక్టర్ రాసిచ్చే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు బాగా పనిచేస్తాయి. మందులకి కొన్ని వారాలు పడుతుంది. ఇంటర్వ్యూ రోజున వేసుకోమని స్నేహితులిచ్చే ప్రొప్రనొలాల్ గుండెదడని, వణుకుని తగ్గిస్తుంది కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకి ప్రమాదకరం. డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, ఖర్చుండదు, తెలుగులో మాట్లాడతారు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం పరిచయాలు ఉంటాయి: పేరు, ఊరు, చదివింది, చేయబోయే పని. నాలుగు చిన్న సంగతులు గుర్తుంటే చాలు, వాక్యాలు కంఠతా పట్టొద్దు. మీటింగ్‌లో వరుసగా మాట్లాడిస్తుంటే మొదటో రెండో మాట్లాడేయండి. పదోవాడిగా కూర్చుంటే ట్రియర్ గదిలోని ఆ 10 నిమిషాల నిరీక్షణని మీరే కొని తెచ్చుకున్నట్టు. మేనేజర్‌కి చెప్పాల్సిన విషయం ముందురోజు సాయంత్రం నాలుగు పంక్తుల్లో మెయిల్ చేసి, మర్నాడు "నిన్న పంపిన విషయం" అని మొదలుపెట్టండి. చేతిలో కాగితం ఉన్నట్టే లెక్క.