ఆరు షిల్లింగుల దగ్గర మొదలైన ఆట

రగ్బీలో ఒక శాఖ అయిన రగ్బీ లీగ్ పుట్టిందే డబ్బు గొడవలో. ఆ సంగతి తెలియకపోతే, వయసు మీదపడిన ఆటగాడికి ఈ ఆటలో ఎదురవుతున్న కష్టం సగమే అర్థమవుతుంది.

19వ శతాబ్దం చివర్లో ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్, లాంకషైర్ జట్లలో గని కార్మికులు, మిల్లు కార్మికులు ఎక్కువ. రెక్కాడితే గాని డొక్కాడని బతుకులు. శనివారం మ్యాచ్ ఉంటే ఆ పూట కూలి పోయినట్టే. ఎముక విరిగితే వారాల తరబడి ఆదాయం ఉండదు. పోయిన కూలి వరకైనా క్లబ్బులను ఇవ్వనివ్వమని 1893లో రగ్బీ పాలక సంస్థ లండన్ సమావేశంలో ప్రతిపాదించారు. అనుకూలంగా 136 ఓట్లు, వ్యతిరేకంగా 282 వచ్చాయి. డబ్బు తీసుకుంటే ఆట చెడిపోతుందని ఆ సంస్థ పెద్దల వాదన. కూలి పోతే ఇల్లు గడవని పరిస్థితి వాళ్లలో చాలామందికి లేదు. చివరికి 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు ఆ సంస్థ నుంచి విడిపోయి సొంత యూనియన్ పెట్టుకున్నాయి. రగ్బీ లీగ్‌కి అదే మొదలు. మొదట్లో పోయిన కూలి కింద రోజుకు ఆరు షిల్లింగుల (అప్పటి బ్రిటిష్ నాణెం) వరకే ఇచ్చేవారు. ఆస్ట్రేలియాలోనూ ఇదే కథ: 1907లో అలెక్ బర్డన్ అనే ఆటగాడు గాయపడితే పరిహారం అందకపోవడం అక్కడి చీలికకు ఊతమిచ్చింది.

డబ్బు వచ్చినా స్వేచ్ఛ రాలేదు. కాంట్రాక్టు ముగిసినా క్లబ్ ఒప్పుకోకపోతే వేరేచోట ఆడే వీల్లేదు. సిడ్నీ క్లబ్ బాల్మెయిన్ ఆటగాడు డెనిస్ టటీ దీన్ని ఎదిరించి 1969 సీజనంతా ఆటకు దూరమయ్యాడు. అతని జట్టు ఆ ఏడాదే టైటిల్ గెలిచింది. 1971లో ఆస్ట్రేలియా హైకోర్టు అతని పక్షానే తీర్పు చెప్పింది. తర్వాతి తరాలు అతనికి చాలా రుణపడి ఉన్నాయి.

అసలు మలుపు 1995. టీవీ హక్కుల కోసం రూపర్ట్ మర్డోక్ కంపెనీ ఆస్ట్రేలియాలో ఆటగాళ్లను భారీ చెక్కులతో లాక్కుంది. ఇంగ్లండ్ క్లబ్బులకు ఐదేళ్లకు 8.7 కోట్ల పౌండ్లు దక్కాయి. వందేళ్లుగా చలికాలంలో సాగిన ఆట 1996 నుంచి వేసవికి మారింది. పెద్ద క్లబ్బుల్లో ఆట పూర్తికాలపు ఉద్యోగమైంది. దాంతో గనికో మిల్లుకో తిరిగి వెళ్లే పాత దారి మూసుకుపోయింది.

ఒక్కో క్లబ్ ఆటగాళ్లకిచ్చే జీతాల మొత్తానికి పరిమితి ఉండటంతో, 33 ఏళ్లవాడికి ఇచ్చే సొమ్ముతో ఇద్దరు కుర్రాళ్లు వస్తారా అని క్లబ్ లెక్క వేసుకోక తప్పదు. ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ మెంజీస్ 2008లో సిడ్నీ క్లబ్ మ్యాన్లీతో టైటిల్ గెలిచాక ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌కి, అక్కణ్ణుంచి ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాకి వెళ్లి 39 ఏళ్లదాకా ఆడాడు. అందరి ఒళ్లూ అంతకాలం సహకరించదు.

ఇంగ్లండ్‌లో ఒకే క్లబ్‌కి పదేళ్లు ఆడినవాళ్లకు ‘టెస్టిమోనియల్’ ఏడాది ఇచ్చే ఆచారం ఉంది. విందులు, ప్రత్యేక మ్యాచ్ పెట్టి వచ్చిన డబ్బు అతనికిస్తారు. అభిమానుల ప్రేమ గొప్పదే. కానీ క్లబ్బులు మారక తప్పని ఆటగాడికి ఆ పదేళ్లు ఎక్కడ నిండుతాయి?

2021లో బ్రిటన్‌లో కొందరు మాజీ ఆటగాళ్లు తలదెబ్బల వల్ల మెదడు దెబ్బతిందంటూ న్యాయపోరాటానికి దిగారు. వాళ్లలో ఒకరికి 49 ఏళ్లకే డిమెన్షియా (మతిమరుపు జబ్బు). ఇలాంటివాళ్ల వైద్యానికి టీవీ డబ్బులోంచి ముందుగానే వాటా తీసిపెట్టాలి, క్లబ్బుల పంపకం ఆ తర్వాతే.